పండగ హడావుడిలో ధ్యానం యాప్‌లు: డబ్బు పెట్టాల్సిన పని లేదు

డిసెంబరు మధ్య నుంచి జనవరి దాకా ధ్యానం యాప్‌లకు పంట కోతల కాలం. కొత్త సంవత్సరం తీర్మానాలు, ఏడాది చందా మీద రాయితీలు, ఒత్తిడి తగ్గించుకోమని నోటిఫికేషన్లు అన్నీ ఒకేసారి దిగుతాయి. మనకు సరిగ్గా అప్పుడే ధనుర్మాసం, దాని వెనకే భోగి, సంక్రాంతి, కనుమ. ఊరెళ్లాలి, టికెట్లు దొరకవు, పిండివంటలు కావాలి, కొత్త అల్లుడు వస్తాడు. పండగ ఎలా గడిచిందో కనుమ సాయంత్రానికి చాలామందికి గుర్తుండదు. కాళ్లు లాగుతున్నాయన్న సంగతి మాత్రం గుర్తుంటుంది.

ఇంటినిండా చుట్టాలున్నప్పుడు, చేతులకు పిండి అంటుకుని ఉన్నప్పుడు, తలుపు వేసుకోవడానికి ఒక్క గది కూడా ఖాళీ లేనప్పుడు ఈ యాప్‌లలో ఏది పనికొస్తుంది? ఈ సమీక్షలో చూసేది అదొక్కటే. మామూలు రోజుల్లో, ఏసీ గదిలో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వాడితే అన్నీ బాగానే ఉంటాయి.

ముందే తేల్చి చెప్పాలంటే, పండగకి పనికొచ్చేవి రెండు. ప్లమ్ విలేజ్ యాప్‌లో ఉండే గంట ఒకటి, విపశ్యన ధ్యానం నేర్పే సంస్థ ఇచ్చే పది నిమిషాల 'మినీ ఆనాపాన' (ఊపిరిని గమనించే అభ్యాసం) ఆడియో ఇంకొకటి. రెండూ పూర్తిగా ఉచితం. ఇన్‌సైట్ టైమర్ అనే యాప్‌లో టైమరు మంచిది, మిగతాది అడవి. చందా కట్టి వాడే హెడ్‌స్పేస్, కామ్ యాప్‌లు చెడ్డవేం కావు గానీ పండగ కోసమని వాటికి కార్డు నంబరు ఇవ్వడం దండగ.

కారణం వాటి తయారీలోనే ఉంది. ఈ యాప్‌లు చాలావరకు ఒంటరిగా, నిశ్శబ్దంగా, రోజూ ఒకే వేళకు పది ఇరవై నిమిషాలు కూర్చోగలిగే మనిషి కోసం తయారయ్యాయి. సంక్రాంతికి అత్తగారింట్లో ఉన్న కోడలు మధ్యాహ్నం పదిహేను నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుంటే పది నిమిషాలకే "ఒంట్లో బాగాలేదా అమ్మా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అడిగినవాళ్లదీ తప్పు కాదు. వరుసగా ఇన్ని రోజులు చేశారంటూ అంకెలు చూపించే యాప్ అయితే భోగి నాడు ఆ వరుస తెగుతుంది. ఆ తెగినందుకు మళ్లీ ఓ దిగులు. పండగ దిగులు తగ్గించడానికి పెట్టుకున్న వస్తువు కొత్త దిగులు తేవడమంటే దాన్ని పెట్టుకున్న పనే చెడింది.

గంట: 5కి 4.5 మార్కులు

ప్లమ్ విలేజ్ అనేది ఫ్రాన్స్‌లోని బౌద్ధ ఆశ్రమం. వియత్నాం భిక్షువు థిచ్ నాట్ హాన్ 1982లో దాన్ని మొదలుపెట్టారు. ఆయన 2022 జనవరిలో కన్నుమూశారు, ఆశ్రమం నడుస్తూనే ఉంది. అక్కడ గంట మోగితే వంటవాళ్లు, తోటపని చేసేవాళ్లు, మాట్లాడుకునేవాళ్లు అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగి, మూడు శ్వాసలు గమనించి, మళ్లీ పనిలో పడతారు. ఆ పద్ధతినే యాప్‌లో పెట్టారు. ప్రకటనలు లేవు, చందా లేదు. యాప్‌లోని ప్రసంగాలు, ధ్యానాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. వాటి జోలికి వెళ్లకపోయినా ఫర్వాలేదు, మనకు కావలసింది గంట ఒక్కటే. దానికి భాషతో పని లేదు, ఏ మతం వాళ్లయినా వాడుకోవచ్చు.

లెక్క చూడండి. పెద్దవాళ్లు ఊరికే ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 12 నుంచి 18 సార్లు ఊపిరి తీసుకుంటారు. అంటే మూడు శ్వాసలకు పట్టేది 10 నుంచి 15 సెకన్లు. పొద్దున 5 నుంచి రాత్రి 9 దాకా అరగంటకోసారి గంట పెట్టుకుంటే రోజుకు 33 సార్లు మోగుతుంది. అన్నీ పాటించినా మొత్తం ఎనిమిది నిమిషాల చిల్లర. ఎవరూ అడగరు, ఎవరికీ కనపడదు, పని ఆగదు. ఒక్కచోట పదిహేను నిమిషాలు కూర్చోవడం కుదరని ఇంట్లో ఈ చిల్లరే చేతికందేది.

గంట మోగినప్పుడు చేయాల్సింది ఇంతే. మొదటి శ్వాస వదులుతూ భుజాలు కిందికి దించాలి. పిండి పిసికేటప్పుడు, బరువులు మోసేటప్పుడు అవి మనకు తెలియకుండానే చెవుల దాకా లేచి ఉంటాయి. రెండో శ్వాసలో అరికాళ్లు నేలను ఎక్కడ తాకుతున్నాయో గమనించాలి. మూడో శ్వాసలో ఎదురుగా ఉన్న మనిషిని చూడాలి, ఎవరూ లేకపోతే ఇంట్లో ఏ చప్పుళ్లు వినపడుతున్నాయో వినాలి. కళ్లు మూసుకోనక్కర్లేదు. మాట మధ్యలో ఉంటే ఆపక్కర్లేదు కూడా, వింటూనే ఊపిరి గమనించవచ్చు. ఈ మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. పండగకి అసలు ఫలితం అందులోనే ఉంది. ఏడాదికోసారి కనపడే మేనత్త పక్కనే కూర్చుని చెబుతుంటే మనసు మాత్రం తిరుగు ప్రయాణం బస్సు దగ్గర ఉంటుంది.

ఎన్ని నిమిషాలకోసారి పెట్టుకోవాలన్నది ముఖ్యం. 15 నిమిషాలకైతే రెండో రోజుకే చెవి అలవాటుపడి గంట వినపడటం మానేస్తుంది. గంటకోసారి అయితే మిక్సీ చప్పుడులో ఒక్కటి తప్పిపోయినా రెండు గంటలు పోయినట్టే. 30 లేదా 45 నిమిషాలు కుదురుతుంది. గంట ఎప్పుడు మోగుతుందా అని గడియారం చూసే స్వభావం ఉన్నవాళ్లు సమయం ముందే తెలియకుండా మోగే పద్ధతి పెట్టుకోవాలి. మొదలయ్యే వేళ, ఆగే వేళ తప్పకుండా పెట్టండి. హాల్లో వరుసగా పరుపులు వేసుకుని పడుకున్న ఇంట్లో రాత్రి పదకొండింటికి గంట మోగితే మర్నాటికి యాప్ ఫోన్‌లో ఉండదు, మీరే తీసేస్తారు.

ఇక చెడేవి. గంట మోగట్లేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఫోనే. షావోమీ, ఒప్పో, వివో లాంటి ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తాయి. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ పరిమితి తీసేసి, ఆటోస్టార్ట్ ఉంటే అనుమతించాలి. ఆండ్రాయిడ్ 13, ఆ పైవాటిలో నోటిఫికేషన్ అనుమతి విడిగా అడుగుతుంది. తొందరలో వద్దని నొక్కేసి ఉంటారు. అలారాలు, రిమైండర్ల అనుమతి కూడా ఒకసారి చూసుకోవాలి, అది లేకపోతే గంట అయిదు పది నిమిషాలు ఆలస్యంగా మోగవచ్చు. ఐఫోన్‌లో కథ వేరు. ఏ యాప్ అయినా ముందుగా వరుసలో పెట్టగలిగే నోటిఫికేషన్లు 64కు మించవు. ఒక్కో గంటనూ ఒక్కో నోటిఫికేషన్‌గా పెట్టే యాప్‌లు ఏవైనా సరే, రెండు మూడు రోజులు తెరవకపోతే ఊరుకుంటాయి. రోజూ పొద్దున ఒకసారి యాప్ తెరిచి మూసేస్తే వరుస మళ్లీ నిండుతుంది. సైలెంట్‌లో ఉన్నా, ఫోకస్ మోడ్‌లో ఉన్నా చప్పుడు రాదని వేరే చెప్పక్కర్లేదు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. గంట మోగగానే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. తెర వెలగగానే వాట్సాప్‌లో పదిహేడు సంక్రాంతి శుభాకాంక్షలు. మూడు శ్వాసల బదులు మూడు రీల్స్ అవుతాయి. దీనికి మంచి మందు పాత ఫోన్. సిమ్ తీసేసి డ్రాయర్‌లో పడేసిన ఫోన్‌లో ఈ ఒక్క యాప్ పెట్టి, వంటింటి పక్కన ఎత్తుగా ఓ అలమరా మీద ఉంచండి. పొయ్యికి దూరంగా ఉండాలి. ఒకసారి అమర్చాక గంటకు నెట్ అక్కర్లేదు. చీర కట్టుకున్నవాళ్లకు జేబు ఉండదు కాబట్టి కూడా ఇదే మేలు. చేతి వాచీకి వైబ్రేషన్ వచ్చేవాళ్లకు అది ఇంకా నయం, మిక్సీ చప్పుడు అడ్డం రాదు.

బ్లూటూత్ స్పీకరుతో జాగ్రత్త. పొద్దున్నే సుప్రభాతం పెట్టడానికి ఫోన్‌ని స్పీకరుకు కలిపి వదిలేస్తే అరగంటకోసారి వీధంతా వినపడేలా గంట మోగుతుంది. పూజ గదిలోంచి హారతి గంట అనుకుని పెద్దవాళ్లు లేచి నిలబడిన ఇళ్లున్నాయి. శబ్దం తగ్గించి పెట్టండి, లేదా హారతి గంటతో కలవని శబ్దం ఎంచుకోండి.

గంటను లెక్కచేయకూడని వేళలూ ఉన్నాయి. అరిసెల పాకం అలాంటి వేళ. బెల్లం పాకాన్ని నీళ్లలో చుక్క వేసి చూస్తే మెత్తటి ఉండ కట్టాలి. లేతగా దించితే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే పళ్లకు పని చెబుతుంది. మధ్యలో ఉన్న అదను నిమిషం కూడా ఉండదు. ఆ వేళ గంట కోసం ఆగితే బెల్లం ఆగదు. నిజానికి పాకం పట్టేవాళ్లకు గంటతో పనే లేదు, చూపంతా గిన్నె మీదే ఉంటుంది. ముగ్గు వేసేవాళ్లకూ అంతే. 15 చుక్కలు, 8 వరకు, సందు చుక్క పెడితే మొత్తం 169 చుక్కలు. మెలికల ముగ్గులో ఒక్క చుక్క దగ్గర దారి తప్పితే గీత చివర కలవదు. అందుకే తెల్లవారుజామున ముగ్గు వేసే ఇళ్లలో గంటను ఆ పని అయ్యాక మొదలయ్యేలా పెట్టుకోవడం మంచిది. పూలు పేర్చి బతుకమ్మ చేసేటప్పుడూ ఇదే వర్తిస్తుంది. తంగేడు, గునుగు వరుసలు పేర్చే చేతికి ఎవరూ ధ్యానం నేర్పక్కర్లేదు.

రోడ్డు మీద సంగతి. సంక్రాంతి ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారిలో చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజా ముందు కార్లు ఎలా నిలుస్తాయో అందరికీ తెలుసు. బండి పూర్తిగా ఆగి ఉన్నప్పుడు గంట పనికొస్తుంది. చేతులు స్టీరింగ్ మీద వదులు చేసి మూడు శ్వాసలు, చూపు మాత్రం ముందు బండి మీదే. మాటలతో నడిపించే ధ్యానం ఆడియోలు నడిపేవాళ్లు వినకూడదు. విశ్రాంతి, నిద్ర అని పేరున్నవైతే కారు స్పీకర్లలో అసలు పెట్టకూడదు, వెనక సీట్లో వాళ్ల కోసం పెట్టినా సరే.

అర మార్కు తగ్గించింది ఎందుకంటే, ఎలా ఆగాలో తెలియనివాళ్లకు ఉత్త గంట ఏమీ నేర్పదు. నాలుగు రోజులు ముందుగా ఎక్కడైనా ఊపిరిని గమనించడం కాస్త అలవాటు చేసుకుని ఉండాలి. ఆ పనికి రెండోది.

మినీ ఆనాపాన: 5కి 4

ధ్యాన గురువు ఎస్.ఎన్. గోయెంకా పద్ధతిలో విపశ్యన నేర్పే సంస్థ ఈ ఆడియోని చాలా భాషల్లో ఉచితంగా ఇస్తోంది, తెలుగులోనూ ఉంది. నిడివి పది నిమిషాలు. ఖాతా తెరవక్కర్లేదు, ఒకసారి ఫోన్‌లోకి దించుకుంటే చాలు. తెలుగులో చెప్పే ధ్యానాలు యూట్యూబ్‌లో కుప్పలుగా ఉన్నాయి. వాటిలో చాలావాటికి వేణువు, నీటి శబ్దం, రంగు వెలుగులు ఊహించుకోమనడం, మధ్యలో హఠాత్తుగా గృహరుణాల ప్రకటన. ఇందులో అవేవీ లేవు. ముక్కు దగ్గర గాలి లోపలికి వెళ్తోంది, బయటికి వస్తోంది, దాన్ని ఉన్నది ఉన్నట్టు చూడు. చెప్పేది అంతే. మంత్రం లేదు, లెక్కపెట్టడం లేదు, రూపం లేదు.

మనవాళ్లు ఇక్కడ చేసే తప్పు ప్రాణాయామం అలవాటు వల్ల వస్తుంది. టీవీ చూసి నేర్చుకున్న అనులోమ విలోమాల ప్రభావంతో కూర్చోగానే ఊపిరి పొడుగు చేస్తారు, బిగబడతారు. అయిదో నిమిషానికి తల తిరుగుతుంది, ధ్యానం పడదని లేచిపోతారు. ఊపిరిని సరిచేయడం ఇక్కడ పని కాదు. పొట్టిగా ఉంటే పొట్టి, ఎడమ ముక్కులోంచే వస్తే ఎడమ. ఏమీ తెలియకపోతే నాలుగైదు శ్వాసలు కాస్త గట్టిగా తీసి, స్పర్శ తెలిశాక మళ్లీ మామూలుకి వదిలేయాలి. మనసు పారిపోతుంది. పారిపోయిందని తెలియగానే వెనక్కి తేవడమే అభ్యాసం. పది నిమిషాల్లో ముప్పైసార్లు పారిపోతే ముప్పైసార్లు తెచ్చినట్టు, విఫలమైనట్టు కాదు.

సంక్రాంతికి ప్రత్యేకంగా ఒక అడ్డంకి ఉంది: ముక్కు. భోగి మంటల పొగ, తెల్లవారుజాము మంచు, జలుబు కలిసి భోగి నాటికి సగం ఇంటికి ముక్కులు మూసుకుపోయి ఉంటాయి. ఒక వైపు తెరుచుకుని ఉన్నా చాలు. రెండూ మూసుకుపోతే ఆ పూట ఆనాపానతో కుస్తీ పట్టకుండా గంటతో, అరికాళ్లతో సరిపెట్టుకోవాలి.

వేళ గురించి. పులిహోర, బొబ్బట్లు, గారెలు తిన్న తర్వాత కూర్చుంటే అది నిద్రే. దానికి ఆడియో ఎందుకు, తలగడ చాలు. తలంటు పోసుకుని, తల ఆరబెట్టుకుంటూ ఎండలో కూర్చునే పది నిమిషాలు ఇంట్లో ప్రతి ఒక్కరికీ దొరుకుతాయి. ఆ వేళ ఎవరూ ఏ పనీ చెప్పరు. కింద కూర్చోలేనివాళ్లు కుర్చీలో కూర్చోవచ్చు, అరికాళ్లు నేలకు ఆనాలి, వీపు కుర్చీకి పూర్తిగా వాల్చకూడదు. పిల్లలు చుట్టూ చేరితే వాళ్లనీ కూర్చోబెట్టండి, అయితే ఎనిమిదేళ్లు దాటినవాళ్లనే. ఈ సంస్థ పిల్లల శిబిరాలు కూడా ఆ వయసు నుంచే మొదలవుతాయి. అంతకంటే చిన్నవాళ్లకు భోగిపళ్లు పోసే గొడవే పెద్ద ధ్యానం.

ఒక మార్కు తగ్గింది వినేవాళ్లకు కొత్తగా అనిపించే ఆ గొంతు, ఆ నెమ్మది వల్ల. మొదటి రెండుసార్లు విసుగు పుట్టించవచ్చు. ఆడియో మధ్యలో ఆగి మాట లేకుండా ఉండే ఖాళీల్లో ఫోన్ ఆగిపోయిందేమో అని తీసి చూస్తారు. ఆగలేదు, కాసేపు ఊరుకోండి.

ఇదే సంస్థ పది రోజుల శిబిరాన్ని పండగ సెలవుల్లో పెట్టుకుందామనుకునేవాళ్లు కొందరుంటారు. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద, వనస్థలిపురం దాటాక ధమ్మఖేత్త కేంద్రం ఉంది. శిబిరానికి రుసుము లేదు. ఫోన్ అప్పగించేయాలి, మాటలుండవు, పొద్దున నాలుగింటికి గంట, కొత్తవాళ్లకు సాయంత్రం టీ, కాస్త చిరుతిండి తప్ప భోజనం లేదు. మంచి శిబిరమే గానీ అది పండగ నుంచి తప్పించుకోవడానికి వెళ్లే చోటు కాదు, పండగ ఆస్వాదించడం నేర్పే చోటూ కాదు. పది రోజుల కష్టమైన పని. సెలవుల్లో సీట్లు త్వరగా నిండుతాయి, వెళ్లాలనుకుంటే చాలా ముందే దరఖాస్తు పెట్టుకోవాలి.

మిగతావి, క్లుప్తంగా

ఇన్‌సైట్ టైమర్‌కు 5కి 3. డబ్బు కట్టకుండానే టైమరు మొత్తం వాడుకోవచ్చు: మొదట్లో గంట, చివర్లో గంట, మధ్యలో మీకు నచ్చినన్ని గంటలు, కూర్చుని సర్దుకోవడానికి కొన్ని సెకన్ల వ్యవధి. లైబ్రరీలో లెక్కలేనన్ని ధ్యానాలున్నాయి, అదే దాని జబ్బు. పది నిమిషాలు ఖాళీ దొరికితే ఎనిమిది నిమిషాలు వెతకడానికే పోతాయి. ముందు రోజు రాత్రే ఒకదాన్ని దాచుకుని పెట్టుకుంటే తప్ప పండగ నాడు దాన్ని తెరవకండి. ఎన్ని రోజులు కూర్చున్నారో చూపే నక్షత్రాలను పట్టించుకోకండి.

హెడ్‌స్పేస్, కామ్ రెంటికీ చెరో రెండున్నర, అదీ ఈ పండగ పరీక్షలోనే. హెడ్‌స్పేస్‌లో మొదటి పాఠాలు ఇప్పటికీ ఈ రంగంలో శుభ్రమైనవి. బొమ్మలతో విషయం చెప్పే తీరు బాగుంటుంది. కామ్‌లో పేరున్న నటులు చదివే నిద్ర కథలు ప్రయాణంలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే హాయి. రెంటిలోనూ తెలుగు లేదు. అమ్మకో అత్తకో ఇచ్చి వినమనలేం. పైగా అసలు సరుకంతా చందా వెనకే ఉంటుంది.

అరిసె పరీక్ష

ఇప్పుడు ప్రపంచమంతా మైండ్‌ఫుల్‌నెస్ (చేస్తున్నదాని మీదే ధ్యాస ఉంచడం) అంటున్న దానికి వైద్యంలో రూపం ఇచ్చింది అమెరికాలో జాన్ కబట్-జిన్, 1979లో, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో. ఎనిమిది వారాల ఆ కోర్సు మొదటి తరగతిలోనే ఒక ఎండుద్రాక్ష చేతిలో పెట్టి, చూసి, వాసన చూసి, నెమ్మదిగా తినమంటారు. మనకు ఎండుద్రాక్ష ఎందుకు, అరిసె ఉంది. నువ్వులు అద్దిన వైపు వేలితో తడమండి. నూనె సరిగా ఒత్తారో లేదో వేలికే తెలుస్తుంది. వాసనలో ముందు బెల్లం వస్తుందా, నెయ్యా, యాలకులా చూడండి. చిన్న ముక్క కొరికి, నమలకుండా నాలుక మీద అయిదు క్షణాలు ఉంచండి. తర్వాత నమిలి, మింగేదాకా రెండో ముక్క ముట్టుకోకండి.

భోజనమంతా ఇలా తినడం కుదరదు, ప్రయత్నించకండి కూడా. బంతిలో అందరూ మాట్లాడుకుంటూ తింటుంటే ఒక్కరే మౌనంగా నమలడం చూసేవాళ్లకు అలకలా కనపడుతుంది. ప్రతి పదార్థంలోనూ మొదటి మూడు ముద్దలు చాలు. నాలుగోదాని నుంచి కబుర్లలో పడవచ్చు. దీనివల్ల కలిగే ప్రయోజనం చాలా స్థూలమైనది: కడుపు నిండిన సంగతి విస్తరి ఖాళీ కాకముందే తెలుస్తుంది. తెలిశాక "ఇంకొక్కటి వేసుకో బాబూ" అన్నవాళ్లకు ఏం చెప్పాలన్నది వేరే విద్య. వద్దు వద్దని నోటితో అంటే వడ్డించేవాళ్లు వినరు. చెయ్యి విస్తరికి అడ్డం పెట్టి "ఇది చాలా బాగుంది అత్తయ్యా, సాయంత్రం తింటాను, దాచిపెట్టండి" అంటే వింటారు. గోదావరి జిల్లాల్లో కొత్త అల్లుళ్లకు ఇదీ పనిచేయదు. వంద రకాలు పరిచిన చోట ఏ ధ్యానమూ ఏం చేయలేదు.

పరదేశంలో ఉన్నవాళ్లకు

అమెరికాలో తెలుగువాళ్లకు పండగ కాలం రెండు ముక్కలు. నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్ నుంచి కొత్త సంవత్సరం దాకా సెలవులు, సంక్రాంతికి మాత్రం మామూలు పనిదినం. పండగను పక్క శనివారానికి జరుపుకుంటారు. ఇక్కడ రద్దీ కంటే వెలితి ఎక్కువ. చలికాలంలో న్యూయార్క్‌కు మన సమయం పదిన్నర గంటలు ముందు, కాలిఫోర్నియాకు పదమూడున్నర. ఇంట్లో భోగి మంట వెలిగే వేళకు అక్కడ ముందు రోజు మధ్యాహ్నమో సాయంత్రమో. వీడియో కాల్ కలిపే ముందు ఒక్క గంట, మూడు శ్వాసలు పెట్టుకుంటే, కాల్ మధ్యలో ఆఫీసు మెయిల్ తెరిచే చెయ్యి కాస్త ఆగుతుంది. కాల్ అయ్యాక వెంటనే లేవకుండా ఇంకో మూడు.

సమయం ఉన్నవాళ్లకు పలూస్ మైండ్‌ఫుల్‌నెస్ అనే ఉచిత ఆన్‌లైన్ కోర్సు ఉంది. పైన చెప్పిన ఎనిమిది వారాల కోర్సు నమూనాలోనే ఉంటుంది. ఇంగ్లిష్ ఇబ్బంది లేనివాళ్లకు డబ్బు కట్టే యాప్‌ల కంటే ఇదే మేలు. నవంబరు మధ్యలో మొదలుపెడితే సంక్రాంతి ముందు వారానికి పూర్తవుతుంది. డిసెంబరు చివర్లో మొదలుపెడితే మధ్యలో వదిలేస్తారు.

ఎవరికి వద్దు

ఈ అభ్యాసాల మీద అతిగా ఆశ పెట్టుకోకూడదు. 2014లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో 47 ప్రయోగాలను కలిపి చూసిన సమీక్ష వచ్చింది. ఆందోళన, దిగులు, నొప్పి ఓ మోస్తరుగా తగ్గుతాయని, మందులు, వ్యాయామం లాంటి వాటికంటే మెరుగని చెప్పే ఆధారం లేదని తేల్చింది. ఆ ప్రయోగాల్లో ఉన్నవి వారాల తరబడి సాగిన శిక్షణలు, పండగ మూడు రోజుల గంటలు కావు.

ఇంట్లో ఈ ఏడాది ఎవరైనా పోయి, ఏటిసూతకంలో పండగ చేసుకోని వాళ్లు కళ్లు మూసుకుని కూర్చుంటే దుఃఖం ఇంకా ముంచుకు రావచ్చు. గుండె దడ, భయం పట్టుకునే అలవాటున్నవాళ్లకు ఊపిరి మీద దృష్టి పెడితేనే దడ పెరగవచ్చు. అలాంటప్పుడు కళ్లు తెరిచే ఉంచి, ఊపిరి వదిలేసి, అరికాళ్లు, చుట్టూ చప్పుళ్లు గమనించడం వరకే చేయాలి. అదీ కష్టమైతే ఆపేయాలి. నిద్ర పట్టకపోవడం, బతకాలనిపించకపోవడం దాకా వస్తే యాప్‌తో పని లేదు. మన దేశంలో మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, అమెరికాలో 988.

ఇవన్నీ చదివాక కూడా డబ్బు కట్టే యాప్‌ను ఉచిత ట్రయల్‌లో చూద్దామనుకుంటే, చేరిన రోజే కేలండర్‌లో ముగింపు తేదీకి రెండు రోజుల ముందు గుర్తు పెట్టుకోండి. ఐఫోన్‌లో ట్రయల్ ముగియడానికి కనీసం 24 గంటల ముందు రద్దు చేయకపోతే ఏడాది డబ్బు కట్ అవుతుంది. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే చందా రద్దు కాదు. ఆండ్రాయిడ్‌లో అయితే ప్లే స్టోర్‌లో చెల్లింపులు, సబ్‌స్క్రిప్షన్‌ల పేజీలోకి వెళ్లి రద్దు చేయాలి. భోగి ముందు రోజు చేరి, ఏడు రోజుల ట్రయల్ తీసుకుంటే ఆ గడువు సరిగ్గా తిరుగు ప్రయాణం, ఆఫీసు మొదటి రోజు మధ్యలో పడుతుంది. మర్చిపోవడానికి అంతకంటే అనువైన వేళ ఉండదు.